రోమ్‌లో ఓ దంతపు బొమ్మ, ఓ పిల్లాడి పద్యాలు

రోమ్ వెళ్లినవాళ్లలో చాలామంది ఒస్తియెన్సే రోడ్డు వైపు రానే రారు. అక్కడి చెంత్రాలే మోంతెమార్తిని 1912లో మొదలైన కరెంటు ప్లాంటు. ఇప్పుడు మ్యూజియం. భారీ డీజిల్ ఇంజిన్ల పక్కనే పాలరాతి విగ్రహాలు నిలబడి ఉంటాయి. నేను వెళ్లింది మాత్రం ప్రాచీన రోమన్ కాలపు పిల్లల ఆనవాళ్ల కోసం.

మొదట చూసింది జానెడు పొడవున్న దంతపు బొమ్మని. 1889లో టైబర్ నది ఒడ్డున కోర్టు భవనానికి పునాదులు తవ్వుతుంటే, క్రెపెరేయా త్రిఫైనా అనే అమ్మాయి శవపేటికలో దొరికింది. నల్లబడిపోవడంతో మొదట చెక్క బొమ్మ అనుకున్నారట. వంగి చూస్తే భుజాలు, మోచేతులు, తుంటి, మోకాళ్లు అన్నిచోట్లా కీళ్లున్నాయి. కూర్చోబెట్టొచ్చు, చెయ్యెత్తించొచ్చు. జుట్టు ముడి క్రీ.శ. 2వ శతాబ్దపు రాణుల ఫ్యాషన్. రోమన్ అమ్మాయిలు పెళ్లికి ముందు బొమ్మల్ని దేవతలకు ఇచ్చేసేవారు. ఈ బొమ్మ ఆమెతోపాటే సమాధిలోకి వెళ్లింది కాబట్టి, పెళ్లి కాకుండానే పోయిందని పండితుల ఊహ.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టేసింది క్వింటస్ సుల్పీసియస్ మాక్సిమస్ సమాధి రాయి. టోగా అనే రోమన్ల పైవస్త్రం కట్టుకుని, చేతిలో చుట్టిన రాతపత్రం పట్టుకున్న పిల్లాడు. చుట్టూ చీమల బారుల్లా గ్రీకు అక్షరాలు. క్రీ.శ. 94లో డొమీషియన్ చక్రవర్తి జరిపించిన పోటీల్లో 52 మంది గ్రీకు కవుల మధ్య నిలబడి ఆశువుగా పద్యాలు చెప్పాడు. రథం పగ్గాలు తన కొడుకు, కుర్రాడైన ఫేథాన్ చేతికిచ్చిన సూర్యుణ్ణి గ్రీకు దేవతల రాజు జ్యూస్ మందలించే ఘట్టం అది. బతికింది 11 ఏళ్ల 5 నెలల 12 రోజులు. పగలూ రాత్రీ చదువు మీదే ధ్యాస పెట్టి, అలసిపోయి, జబ్బుచేసి పోయాడని ఆ రాయే చెబుతోంది. కన్నప్రేమతో పొగుడుకుంటున్నామని ఎవరూ అనుకోకూడదని అమ్మానాన్నలు ఆ పద్యాల మొత్తం 43 పంక్తులూ చెక్కించారు. అది తెలిశాక గొంతు పట్టేసింది.

సాయంత్రం పియాజ్జా ఫియుమే వెళ్లాను. 1871లో అక్కడి కోటగుమ్మం బురుజు పడగొడితే లోపల ఈ సమాధి బయటపడింది. ఇప్పుడు అక్కడున్నది నకలు. ట్రాఫిక్ హోరులో ఎవరూ తలెత్తి చూడట్లేదు.

అయితే దంతపు బొమ్మలూ చెక్కిన రాళ్లూ ఖర్చు పెట్టగలిగిన ఇళ్లవే. పైగా పోయిన పిల్లల గురించి పెద్దవాళ్లు మిగిల్చినవే. పిల్లలు తమంతట తాము మిగిల్చినవి కావాలంటే నేపుల్స్ దగ్గర, అగ్నిపర్వతపు బూడిదలో పూడిపోయిన రోమన్ ఊరు పాంపేయికి వెళ్లాలి. అక్కడ ఓ ఇంటి గోడ మీద గ్లాడియేటర్లు, వేటగాళ్లు, చెయ్యి ఆనించి చుట్టూ గీసుకున్న బొగ్గు గీతలు బయటపడ్డాయని 2024లో ప్రకటించారు. గీసింది ఐదేళ్ల నుంచి ఏడేళ్ల లోపు పిల్లలని పరిశోధకుల అంచనా. మర్నాడు పొద్దున్నే నేపుల్స్ రైలెక్కాను.