వంటింటి కత్తికి 15 ఏళ్లు, వెంట తెచ్చిన కత్తికి 25

ఇంగ్లండ్, వేల్స్‌లో హత్య రుజువైతే యావజ్జీవమే, జడ్జి చేతిలో ఇంకో దారి లేదు. ఆయన తేల్చేది ఒక్కటే: ఎన్నేళ్లు లోపల గడిపాక ఆ మనిషి విడుదల కోసం పెరోల్ బోర్డు గడప తొక్కొచ్చు? ఆ కనీస గడువును లాయర్లు టారిఫ్ అంటారు.

లెక్క ఎక్కడ మొదలవ్వాలో 2020 నాటి సెంటెన్సింగ్ చట్టం 21వ షెడ్యూలు చెబుతుంది. పెద్దవాళ్ల విషయంలో మామూలు హత్యకు (హత్యలో మామూలేమిటి అనకండి, చట్టం లెక్క అది) 15 ఏళ్లు. తుపాకీతోనో, డబ్బు కోసమో చంపితే 30. డ్యూటీలో ఉన్న పోలీసును చంపడం లాంటివాటికి చచ్చేదాకా జైలే. పద్దెనిమిది నిండనివాళ్లకు వయసును బట్టి వేరే పట్టిక ఉంది.

చిక్కంతా 25 దగ్గర. వాడే ఉద్దేశంతో కత్తి వెంట తీసుకెళ్లి, దాంతోనే చంపితే 25. గొడవ మధ్యలో అదే ఇంటి సొరుగులోంచి తీసి పొడిస్తే 15. నాలుగు గోడల మధ్య భార్యను చంపినవాడికి పదేళ్లు తక్కువనుంచి లెక్క మొదలవడం నాకైతే మింగుడు పడదు. మితిమీరిన హింసను, అంతకుముందు భాగస్వామిని గుప్పిట్లో పెట్టుకుని వేధించడాన్ని 2024లో గడువు పెంచే కారణాల్లో చేర్చారు. మొదలయ్యే అంకె మాత్రం అలాగే ఉంది.

ఒక లెక్క వేద్దాం. కత్తి తెచ్చాడు, 25. శవాన్ని దాచాడు, 2 కలిపారనుకోండి. చంపాలని కాదు, గట్టిగా గాయపరచాలనే వచ్చాడని తేలింది, 3 తీశారు. 24 మిగిలింది. మొదట్లోనే నేరం ఒప్పుకుంటే ఆరో వంతు దాకా తగ్గింపు, అదీ 5 ఏళ్లు మించకూడదు. అంటే 20. రిమాండ్‌లో 300 రోజులున్నాడు, అవి తీసేస్తే 19 ఏళ్ల 65 రోజులు.

తప్పులు దొర్లేది కలపడం దగ్గరే. కత్తి తెచ్చినందుకు 25కి ఎక్కించాక, మళ్లీ అదే కత్తిని చూపించి ఇంకో రెండేళ్లు వేస్తే ఒకే తప్పును రెండుసార్లు లెక్కేసినట్టు. అప్పీల్లో నిలవదు. శిక్ష మరీ తక్కువనిపిస్తే అటార్నీ జనరల్ 28 రోజుల్లోగా అప్పీలు కోర్టుకు పంపాలి.

ఇన్నేళ్లని లెక్కగా వేసే మామూలు శిక్షల్లో చాలామంది గడువు పూర్తవకముందే బయటికొస్తారు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు, ఆ 19 ఏళ్లూ పూర్తిగా లోపలే. ఆ తర్వాత కూడా విడుదల ఖాయం కాదు. ప్రమాదం లేదని బోర్డు నమ్మాలి. వదిలినా బతికున్నంత కాలం లైసెన్సు షరతులు (బయట ఎలా మసలుకోవాలో చెప్పే విడుదల షరతులు) వెంటే ఉంటాయి, మీరితే మళ్లీ లోపలికే.