గాజాకి ఎన్ని మంత్రి పదవులు?

రాష్ట్రంలో కొత్త మంత్రివర్గం వచ్చిందంటే మా కావలిలో మొదటి ప్రశ్న, నెల్లూరు జిల్లాకి ఎన్ని పదవులని. పాలస్తీనా మంత్రివర్గం గురించి చదువుతూ నేనూ అందులో భాగమైన గాజాకి ఎన్ని అనే వెతికాను.

2024 మార్చి 31న ప్రధాని ముహమ్మద్ ముస్తఫా మంత్రివర్గం, పాలస్తీనా ప్రభుత్వం నడిచే వెస్ట్ బ్యాంక్ నగరం రమల్లాలో ప్రమాణం చేసింది. ఆయన ప్రపంచ బ్యాంకులో పనిచేసిన ఆర్థికవేత్త. గాజావాళ్లకీ కొన్ని పదవులిచ్చారు. ఆరోగ్య మంత్రి మాజెద్ అబూ రమదాన్ ఒకప్పుడు గాజా నగర మేయర్. కానీ 2007లోనే గాజా పాలన ఈ ప్రభుత్వానికి ప్రత్యర్థి అయిన హమాస్ సంస్థ చేతుల్లోకి పోయింది. మంత్రి రమల్లాలో, పేషెంట్లు గాజాలో... తలుచుకుంటేనే టెన్షన్.

నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇంకోటి. 2006 తర్వాత అక్కడ శాసనసభ ఎన్నికలే జరగలేదు. 2021లో పెడతామని చెప్పి వాయిదా వేశారు. మంత్రులను నిలదీసే సభే లేదు. ప్రధానిని అధ్యక్షుడు అబ్బాసే నియమించారు. ముప్పై ఏళ్లొచ్చిన మనిషి కూడా అక్కడ శాసనసభకి ఒక్కసారీ ఓటేయలేదు. ఇది అన్యాయం.