16 పిక్సెళ్ల బొమ్మను పెద్దది చేసిన తీరు: నా అనుభవం

సొంతంగా తయారు చేసుకుంటున్న చిన్న గేములో నా బొమ్మలన్నీ 16×16 పిక్సెళ్లవి. గీసేటప్పుడు దగ్గరగా పెట్టి చూస్తాం కాబట్టి ముచ్చటగా ఉంటాయి. 1920×1080 తెర మీదకు వచ్చేసరికి చీమంత. పెద్దవి చేయక తప్పదు, కానీ ఒక్క అంచు కూడా చెదరకూడదని నా పట్టుదల.

ముందుగా గింప్ అనే బొమ్మల ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొలత మార్చి చూశాను. అక్కడ ఇంటర్‌పొలేషన్ అనే ఎంపిక ఉంటుంది, అంటే పెంచినప్పుడు కొత్త పిక్సెళ్లకు ఏ రంగు వేయాలో తేల్చే పద్ధతి. లీనియర్, క్యూబిక్ పద్ధతులు ఇరుగుపొరుగు పిక్సెళ్ల రంగులు కలిపి మధ్యరంగులు పుట్టిస్తాయి. ఫొటోకు అది మేలే. ఆరేడు రంగులతో ఏరికోరి గీసిన బొమ్మకు మాత్రం తీరని నష్టం: నల్లని గీత చుట్టూ బూడిద రంగు మసక కమ్మింది. నన్ (None, అంటే ఏ పద్ధతీ వద్దని) ఎంచుకుంటే ఉన్న రంగులే నిలిచాయి. మిగతాచోట్ల నియరెస్ట్ నైబర్ పేరుతో కనిపించేది ఇదే.

అయితే అది ఒక్కటే సరిపోదు. 16ను 24 చేయాలంటే ఒకటిన్నర రెట్లు. పిక్సెల్‌ను సగానికి కోయడం కుదరదు కదా, అందుకని ఒక నిలువు వరుస రెండవుతుంది, దాని పక్కది ఒకటిగానే మిగిలిపోతుంది. నా కథానాయకుడి కళ్లు ఒక్కొక్కటి ఒక్క పిక్సెలే. ఒక కన్ను వెడల్పయింది, రెండోది అలాగే ఉంది. ఎంతో ఇష్టంగా గీసుకున్న ముఖం ఎవరిదో అయిపోయింది! రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు తప్ప మధ్య కొలతల జోలికి ఇక వెళ్లలేదు.

తర్వాత లెక్కను తెర వైపు నుంచి వేశాను. గేము అసలు కొలత 320×180 అనుకుంటే నాలుగు రెట్లకు 1280×720, ఆరు రెట్లకు 1920×1080, పన్నెండు రెట్లకు 3840×2160 సరిగ్గా వస్తాయి. బొమ్మలను అసలు కొలతలోనే పీఎన్‌జీ ఫైళ్లుగా ఉంచి, పెంచే పని గేము తయారీకి వాడే గోడాట్ ఇంజిన్‌కు అప్పగించాను: టెక్స్చర్ ఫిల్టర్ నియరెస్ట్ (రంగులు కలపదు), స్ట్రెచ్ మోడ్ వ్యూపోర్ట్ (గేమంతా అసలు కొలతలో గీశాకే పెంచుతుంది), స్కేల్ మోడ్ ఇంటీజర్ (పూర్తి రెట్లలోనే పెంచుతుంది). 1366×768 ల్యాప్‌టాప్‌లో నాలుగు రెట్లకే ఆగి, అటూ ఇటూ 43, పైనా కిందా 24 పిక్సెళ్ల నల్ల పట్టీ మిగులుతుంది. ఆ పట్టీ నాకు సమ్మతమే, కళ్లు సమంగా ఉన్నాయి.

పిక్సెల్ బొమ్మలను రెట్టింపు చేసే స్కేల్2ఎక్స్ అనే పద్ధతి కూడా వాడి చూశాను. కొత్త రంగులు కలపకుండానే ఏటవాలు గీతల మెట్లను నున్నగా చేస్తుంది. కత్తి అంచుకు బాగా నప్పింది. కానీ ఏ మెట్టు కావాలని గీసిందో దానికి తెలియదు, అందుకే ముఖాలకు వద్దనుకున్నాను.

చిక్కంతా చివరి రాక్షసుడితో వచ్చింది. 16×16 బొమ్మను రెట్టింపు చేసి నిలబెడితే అతడి పిక్సెళ్లు తక్కినవారి పిక్సెళ్లకన్నా లావుగా కనిపించాయి. ఆ రెట్టింపు బొమ్మనే ఆధారంగా పెట్టుకుని పిక్సెల్ బొమ్మలు గీసే ఏస్‌ప్రైట్ సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ గీశాను: గీతల మందం రెండు నుంచి ఒకటికి తగ్గించాను, బట్టల మడతలు, గోళ్లు కొత్తగా వేశాను. ఆ ఒక్క బొమ్మకే మిగతా అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టింది.