కిమానా టమేటాలు, అంబోసెలీ ఏనుగులు

కెన్యా పోయొచ్చానంటే జనం మొదట అడిగేది అక్కడి పేరుమోసిన అభయారణ్యం మసాయి మారా గురించే. నేను మారా చూడలేదు. విల్డెబీస్టులనే పెద్ద జింకజాతి జంతువులు లక్షల్లో నది దాటే ఆ తతంగం జూలై నుంచి అక్టోబరు దాకా ఉంటుంది, మేం తిరిగింది ఫిబ్రవరిలో. ఆ నెలల్లో పోయి ఉన్నా, ఒక్క రేవు కోసం పదుల కొద్దీ బళ్లు తోసుకునే చోటు మీద నాకు పెద్ద మోజు లేదు. నైరోబీలో ఉద్యోగం చేసే మా తమ్ముడు ముందే తేల్చేశాడు: "అక్కా, నువ్వు పలమనేరు దానివి. నీకు చూపించాల్సింది అంబోసెలీ, ఏనుగుల పార్కు." మా పల్లెలో ఏనుగు వచ్చిందంటే పంట పోయిందని అర్థం. వాడికది తెలుసు.

ప్రయాణం ఏర్పాట్లు పెద్దగా ఏడిపించలేదు. 2024 జనవరి నుంచి కెన్యా వీసా ఎత్తేసి ఎలక్ట్రానిక్ అనుమతి ఇస్తోంది, ఇంట్లో కూర్చునే తీసుకోవచ్చు. ఎల్లో ఫీవర్ టీకా మాత్రం బయలుదేరడానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. టీకా వేసినట్టు ఇచ్చే పసుప్పచ్చ కార్డు చేతిలో లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపి క్వారంటైన్‌కు పంపుతారు. అమ్మ కవర్లలో కట్టిన నిప్పట్లు, చెనిక్కాయ ఉండలు అన్నీ తమ్ముడు ఫోన్లో అరిచి స్టీలు డబ్బాల్లోకి మార్పించాడు. అక్కడ 2017 నుంచి ప్లాస్టిక్ సంచులు నిషేధం. 2020 నుంచి పార్కుల్లోకి ప్లాస్టిక్ నీళ్ల సీసా కూడా రానివ్వరు. మన తిరుమల కొండ మీద అలవాటైన వాళ్లకు ఇదేం కొత్త కాదు.

నైరోబీ నేషనల్ పార్కు ఊరి అంచునే ఉంది. 1946లో ఏర్పడింది, 117 చదరపు కిలోమీటర్లు. జిరాఫీ మెడ వెనక నగరపు అంతస్తుల మేడలు, ఇంకోవైపు పార్కును అడ్డంగా దాటిపోయే కొత్త రైలు వంతెన స్తంభాలు. సింహం కనబడలేదు, నేనూ పెద్దగా వెతకలేదు. ఎక్కువసేపు నిలబడింది బూడిద కుప్పల దగ్గర. 1989లో అప్పటి అధ్యక్షుడు డేనియల్ అరప్ మోయి ఇక్కడే 12 టన్నుల ఏనుగు దంతాలకు నిప్పు పెట్టాడు. 2016 ఏప్రిల్‌లో ఉహురు కెన్యాట్టా ఏకంగా 105 టన్నులు తగలబెట్టించాడు, ఖడ్గమృగాల కొమ్ములు వేరే.

"అమ్ముంటే ఎన్ని స్కూళ్లు కట్టొచ్చు వదినా" అంది మరదలు. ఆ మాట అన్నది తనొక్కతే కాదు. బోట్స్వానా, నమీబియా, జింబాబ్వే, దక్షిణాఫ్రికా ఆ లెక్కతోనే 2008లో వన్యప్రాణుల వ్యాపారం మీది ప్రపంచ ఒప్పందం అనుమతితో చైనాకూ జపాన్‌కూ దంతం అమ్మాయి. తరవాతి ఏళ్లలో ఖండమంతటా వేట పెరిగింది. అందుకూ ఇందుకూ సంబంధం ఎంతన్నది ఇప్పటికీ తెగని తగవు. కెన్యా లెక్క వేరు: బజారులో సరుకు కనబడినంత కాలం దొంగ సరుకు కూడా అందులో కలిసిపోతుంది. 1970లలో 1,60,000 పైచిలుకు ఉన్న ఏనుగులు 1989 నాటికి 20,000కు పడిపోయిన దేశం అది. 2021 గణనలో 36,280 తేలాయి. ఆ అంకె చూశాక కాల్చడమే సరైందని నాకనిపించింది. మరదలు ఒప్పుకోలేదు.

మర్నాడు ఉత్తరంగా నాన్యుకీ దారి పట్టాం. భూమధ్యరేఖ బోర్డు దగ్గర ఒకతను చిల్లు గిన్నెలో నీళ్లు పోసి, రేఖకు అటు ఒకవైపు, ఇటు ఇంకోవైపు సుడి తిరుగుతుందని చూపించి డబ్బులడుగుతాడు. గిన్నెను ఎటు తిప్పుతూ నిలబడతాడో అటే సుడి తిరుగుతుంది. భూభ్రమణానికి అంత చిన్న గిన్నె మీద అంత పట్టు లేదు. చేతివాటం బాగుంది కాబట్టి డబ్బులిచ్చాం.

ఓల్ పెజెటా ప్రభుత్వ పార్కు కాదు. తెల్లదొరల కాలం నాటి పశువుల ఎస్టేటు, ఇప్పుడు 360 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. విచిత్రమేంటంటే పశువుల్ని తీసేయలేదు. బోరన్ జాతి ఆవులు వేల సంఖ్యలో అడవి జంతువుల మధ్యనే మేస్తాయి, రాత్రిళ్లు ఇనుప దొడ్లో ఉంటాయి. చుట్టూ కరెంటు కంచె. ఉత్తరం వైపు మాత్రం కంచెలో సందులు వదిలి పొట్టి గుంజలు పాతారు. ఏనుగు దాటుకుని పోతుంది, జీబ్రా దూరిపోతుంది, ఖడ్గమృగం మాత్రం పోలేదు. దాన్ని లోపలే ఉంచి కాపాడాలి మరి. కెన్యాలో 20,000 దాకా ఉండిన నల్ల ఖడ్గమృగాలు 1980ల చివరికి 400 లోపుకు వచ్చాయి. కొమ్మును యెమెన్‌లో బాకు పిడులకు కొన్నారు, చైనా, వియత్నాంలలో మందని కొన్నారు. నిజానికి అందులో ఉండేది మన గోళ్లలో ఉండే కెరటినే. కాపలాలు, కంచెలు పెట్టుకుంటూ వస్తే ఈ మధ్యే మళ్లీ వెయ్యి దాటాయి.

మేం ప్రత్యేకంగా డబ్బు కట్టి చూసింది నాజిన్‌నూ ఫాటూనూ. ప్రపంచం మొత్తానికి ఉత్తరాది తెల్ల ఖడ్గమృగాలు ఈ రెండే మిగిలాయి, రెండూ ఆడవే, తల్లీ కూతుళ్లు. 2009 డిసెంబరులో చెక్ దేశపు జంతుప్రదర్శనశాల నుంచి నాలుగింటిని ఇక్కడికి తెచ్చారు, సొంత ఖండం మీద ఈనుతాయేమోనని. ఈనలేదు. మగవాటిలో సూనీ 2014లో పోయింది, నాజిన్ తండ్రి సూడాన్ 2018 మార్చి 19న పోయింది. ఇప్పుడు ఈ రెండింటికీ తుపాకులతో రాత్రింబవళ్లు కాపలా. నాజిన్ వెనక కాళ్లు బలహీనం, అడుగు ఆచితూచి వేస్తుంది. కాపరి చెవి వెనక గోకుతుంటే కళ్లు అరమోడ్చి నిలబడింది.

ఫాటూ నుంచి అండాలు తీసి, చనిపోయిన మగవాటి నుంచి ముందే దాచిన వీర్యంతో ఇటలీలో పిండాలు తయారు చేస్తున్నారు. ముప్పైకి పైగా నిలవ ఉన్నాయి. మోయడానికి దక్షిణాది తెల్ల ఖడ్గమృగాలు కావాలి. దాని బంధువైన ఆ జాతి కూడా ఒకప్పుడు వంద లోపుకు వచ్చి మళ్లీ వేలల్లోకి పెరిగిందే. ఆ ఆశ మీదే పని. దక్షిణాది పిండంతోనే మొదట ప్రయత్నిస్తే గర్భం నిలిచింది, 2024 జనవరిలో ఆ సంగతి ప్రకటించారు. కానీ డెబ్బై రోజుల గర్భంతో ఉన్న ఆ తల్లి అప్పటికే మట్టిలోని సూక్ష్మజీవి సోకి చనిపోయింది. కాపరి ఇదంతా వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా చెప్పాడు. రోజూ వచ్చే నాలాంటి వాళ్లకు చెప్పీ చెప్పీ అలవాటై ఉంటుంది. ఇన్ని కోట్లు రెండు జంతువుల మీద పోసే బదులు ఇంకా బతికే వీలున్న వాటి మీద పెట్టకూడదా అని తమ్ముడు అడిగాడు. "అది కూడా అడుగుతారు" అన్నాడతను, అంతే.

అంబోసెలీ పోవాలంటే నైరోబీ నుంచి దక్షిణంగా మొంబాసా రోడ్డు పట్టాలి. లారీల రోడ్డు. పక్కనే పాత రైలు మార్గం. 1896 నుంచి 1901 దాకా దాన్ని వేయడానికి మన దేశం నుంచి 32,000 మంది దాకా కూలీల్ని ఓడల్లో తెచ్చారు, 2,500 మంది పనిలోనే పోయారు. ఎమాలీలో భోజనానికి ఆగితే ఉగాలీ, ఆకుకూర, బీన్సు, చపాతీ పెట్టారు. ఉగాలీ తెల్ల మొక్కజొన్న పిండితో కెలికిన సంగటి, ముద్ద చేసి కూరలో అద్దుకోవడమే. చేత్తో తినే పద్ధతి చూసి హోటలామె నాకు అడక్కుండా ఇంకో ముద్ద వేసింది.

పార్కు 392 చదరపు కిలోమీటర్లే. వానలు తక్కువ, నేలంతా బూడిదరంగు దుమ్ము. అయినా నడిమధ్యలో పచ్చటి చిత్తడి నేలలు. పక్కన టాంజానియాలో ఉన్న కిలిమంజారో మీద పడిన నీళ్లు భూమిలోకి ఇంకి ఇక్కడ ఊటలుగా పైకొస్తాయి. 5,895 మీటర్ల ఆ కొండ తెల్లవారుజామున ఒక గంట కనబడి, తరవాత మబ్బులో దాక్కుంటుంది. ఊటల్లో పొట్టదాకా దిగి గడ్డి పీకుతున్న ఏనుగులు, వీపుల మీద కొంగలు. నన్ను ఆశ్చర్యపెట్టింది ఆడవాటి దంతాలు. మా వైపు దంతాలుంటే మగది, ఒంటరిదైతే ఇంకా ప్రమాదం, అంతే తెలుసు. ఇక్కడ గుంపు నడిపే ముసలమ్మకే మోకాళ్లు దాటిన దంతాలున్నాయి. 1972 నుంచి సింథియా మాస్ బృందం ఈ ఏనుగుల్ని చెవుల చిరుగులను బట్టి గుర్తుపట్టి, కుటుంబాలవారీగా పేర్లు పెట్టి రాసుకుంటూ వస్తోంది. అంటే ఇక్కడ ఏనుగుకు అమ్మమ్మ పేరు కూడా తెలుసు. పల్లెలో మాకు తెలిసినవి లద్దెలూ అడుగులూ, విరిగిన బోరు పైపులూ.

కరువొస్తే ఈ ఊటలే దిక్కు. 2022లో వరసగా వానలు ఎగ్గొట్టి, ఫిబ్రవరి నుంచి అక్టోబరు మధ్యలోనే కెన్యా మొత్తం మీద 205 ఏనుగులు చచ్చాయని ప్రభుత్వం లెక్క చెప్పింది. తుపాకీ తగ్గినా ఏనుగుకు గండం తప్పలేదు.

సాయంత్రం నాలుగు దాటాక డ్రైవరు బండి రోడ్డు పక్కన ఆపి ఇంజను కట్టేశాడు. కాసేపటికి గుంపులు బారులు తీరి మా ముందు నుంచే రోడ్డు దాటి, పార్కు సరిహద్దు దాటి బయటికి నడిచిపోయాయి. కంచె లేదు, ఆపేవాళ్లు లేరు. పగలు నీళ్ల కోసం లోపలికి, రాత్రి మేత కోసం బయటికి. "వీళ్లకు పార్కు బాయి మాత్రమే, ఇల్లు బయటుంది" అన్నాడు డ్రైవరు. బయటున్నది పశువులు మేపుకునే మసాయి తెగ వాళ్ల నేల. ఒకప్పుడు ఊరుమ్మడి బీడు. ఇప్పుడు కుటుంబానికింత అని చెక్కలు చేసి పట్టాలిస్తున్నారు. పట్టా వచ్చినవాడు కంచె వేసుకుంటాడు, కౌలుకిస్తాడు, అమ్ముకుంటాడు. తప్పేముంది? 2020లో పార్కు పక్కనున్న కిమానా ఊరి దగ్గర ఏనుగుల దారిలో పెద్ద అవకాడో తోట వేస్తే గొడవై, పర్యావరణ శాఖ లైసెన్సు రద్దు చేసింది. కొందరు భూస్వాముల చేత నేల బీడుగానే వదిలిపెట్టించి ఏటేటా కౌలు కడుతున్నారు, ఏనుగులు నడవడానికి.

సరిహద్దు దాటితే ఇంకో చిక్కు. కెన్యా 1977లోనే వేట మాన్పించింది, టాంజానియాలో లైసెన్సుతో వేటాడొచ్చు. ఏనుగుకు రెండు దేశాలూ ఒకటే. పెద్ద దంతాల మగవాటిని సరిహద్దు దగ్గర ముట్టుకోకూడదని ఏళ్లుగా ఉన్న మాట 2023లో తప్పింది. 2024 మొదటి నెలలకల్లా అంబోసెలీ ఏనుగులు కొన్ని అక్కడ వేటగాళ్ల తూటాలకు పడ్డాయి. సింహాల సంగతీ అంతే. 2023 మేలో మేకల్ని చంపినందుకు ఒక్క రోజే ఆరు సింహాలను ఈటెలతో పొడిచేశారు. అదే ప్రాంతంలో మసాయి కుర్రాళ్లే జీతానికి సింహాల వెంట తిరిగి కాపాడుతున్నారు. సింహాన్ని చంపి మగతనం చూపించుకునే పాత ఆనవాయితీకి బదులు 2012 నుంచి ఆటల పోటీలు కూడా పెడుతున్నారు.

కిమానా ఊళ్లో దిగితే నా కాళ్లు నిలవలేదు. రోడ్డుకు రెండు పక్కలా కాలవ నీళ్లు, కర్రలు పాతి తాళ్లు కట్టిన టమేటా తోటలు, ఎర్రగడ్డ మళ్లు, చెక్క పెట్టెల్లో సర్దుతున్న ఆడవాళ్లు, లారీ. ఫొటో పంపితే నాయన వెంటనే ఫోన్ చేశాడు: "పెట్టె ఎంత పలుకుతా ఉంది మే?" ఏనుగుల ఫొటోలు అరవై పంపితే ఒక్కదానికీ జవాబివ్వని మనిషి.

తోటామె కంబ తెగ మనిషి, మసాయి ఆయన దగ్గర నేల కౌలుకు తీసుకుంది. డ్రైవరు అటూ ఇటూ చెబుతూ ఉంటే మాట్లాడుకున్నాం. రాత్రిళ్లు మంచె మీద, చేతిలో టార్చిలైటు, డబ్బా, మిరపపొడి కలిపి కాల్చే పిడకలు. సోలారు కంచె ఉంది, మగ ఏనుగు గుంజను దంతంతో తోసి దాటడం నేర్చుకుంది. దంతానికి కరెంటు తగలదని దానికి తెలుసు. ఇక్కడ టిమ్ అనే ఏనుగు ఉండేదట, నేలకానే దంతాలు, లోకమంతా దాని ఫొటోలే. పొలాల మీద పడడంలోనూ అదే పెద్దది. 2016లో మెడకు రేడియో పట్టీ కట్టి, తోటల వైపు రాగానే కాపలాదారులు తరుముతూ కాపాడుకున్నారు. 2020 ఫిబ్రవరిలో యాభై ఏళ్ల వయసులో సహజంగానే చచ్చిపోయింది. "దానికి సమాధి లేదు గానీ మ్యూజియంలో చోటుంది" అని నవ్విందామె.

మనిషిని ఏనుగు చంపితే 2013 చట్టం ప్రకారం 50 లక్షల షిల్లింగులు రావాలి. ఎప్పుడొస్తాయని అడిగాను. డ్రైవరు ఆ ప్రశ్న చెప్పకుండానే తనే చెయ్యి ఊపాడు. పంటకైతే కాగితాలు రాసుకుని పోతారట. ఆ మాటకు అనువాదం నాకు అక్కర్లేకపోయింది.

మీ దగ్గరెట్లా అని ఆమె అడిగింది. 1980లలో తమిళనాడు వైపు నుంచి ఏనుగులు మా కొండల్లోకి వచ్చాయని, 1990లో కౌండిన్య అభయారణ్యం ప్రకటించారని, మేమూ టపాకాయలూ డప్పులతోనే కాపలా కాస్తామని, కరెంటు తీగలకు ఏనుగులూ అప్పుడప్పుడూ మనుషులూ చస్తారని చెప్పాను. ఫోనులో ముసలిమడుగు శిబిరం ఫొటో తీసి చూపించాను: నిరుడు 2025లో కర్ణాటక వాళ్లిచ్చిన కుంకీలు, వీపు మీద మావటీడు, అడవి ఏనుగుల్ని తరమడానికి తయారు చేసినవి. ఆమె ఫోను లాక్కుని దగ్గరగా చూసింది, పక్కామెను పిలిచి చూపించింది, ఇద్దరూ పగలబడి నవ్వారు.

"ఏనుగును తోలడానికి ఇంకో ఏనుగా? దాని మేతెవరు పెడతారు?"

ప్రభుత్వమని చెప్పాను. ఎంత తింటుందని అడిగింది. రోజుకు రెండొందల కిలోలు పైనే అంటే, తన పెట్టెల వైపు చూసి వేళ్లతో ఏదో లెక్క కట్టి, డ్రైవరుకు గట్టిగా ఏదో చెప్పింది. అతను అనువాదం చేయకుండా నవ్వుతూ బండి తీశాడు. తమ్ముడు మాత్రం ఒక పెట్టె టమేటా బేరమాడి వెనక సీట్లో పెట్టించాడు. నైరోబీ కంటే సగం ధరకే ఇచ్చింది.