చంద్రగిరిలో గిట్ట పట్టుకున్న రెండు రోజులు

మా గుర్రం గౌరి ఎడమ ముందుకాలి గిట్ట కింది నుంచి పైకి చీలింది. ఊళ్లో లాడాలు కొట్టే పెద్దాయన పోయాక ఆ పని తెలిసినవారే లేరు. చంద్రగిరి దగ్గర ఒక తోటలో గుర్రాలను చూసుకునే తాత నేర్పుతాడని విని, మార్గశిరపు చలిలో నెల్లూరులో బస్సెక్కాను. శ్రీకాళహస్తి దాటేసరికి ఎండ పడింది. తిరుపతిలో బస్సు మారి, కోట కొండ కనిపించగానే దిగాను.

తాత మొదట కత్తి ఇవ్వలేదు. గుడ్డలో చుట్టి దాచిన ఎముక ఒకటి నా అరచేతిలో పెట్టాడు. నెలవంకలా వంగి, నెత్తురు దారులకు సన్నటి బెజ్జాలతో నిండిన తేలికైన ఎముక.

"ఇది మన నడిమివేలి చివరి కణుపు లాంటిది నాయనా. గుర్రం కాలికి ఒక్క వేలి మీదే నిలబడుతుంది. గిట్ట ఆ వేలికి గోరు."

ఇన్నాళ్లూ నేను గిట్టను చెప్పులా చూశాను. ఆ గోరు ఎముకను పట్టుకునేది సుమారు 600 సన్నటి మడతలతో. పుట్టగొడుగు గొడుగు కింద ఉండే రేకుల్లా అవి ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయట. వాచి పట్టు వదిలితే ఎముకే కిందికి జారుతుంది. గింజలు మితిమీరి తిన్న గుర్రం కుంటితే భయపడవలసింది అందుకే.

సాయంత్రం కోటలోని రాజమహల్ ముందు కూర్చున్నాను. విజయనగర రాజులు సముద్రం మీదుగా తెప్పించుకున్న అరబ్బు గుర్రాలు గుర్తొచ్చాయి. వాటి కాళ్లు ఒళ్లో పెట్టుకున్న మనుషులే నాకు రాజులకంటే దగ్గరగా అనిపించారు.

మర్నాడు ఒక ముసలి ఆడగుర్రాన్ని తెచ్చి కట్టాడు. తోక వైపు ముఖం పెట్టి, భుజం నుంచి కిందికి చేయి జార్చి, కాలు ఎత్తి మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాను. నడుమ బాణం మొనలాంటి మెత్తటి భాగం ఉంది, డాక్టర్లు ఫ్రాగ్ అనేది. దాని పక్క గాడిలోని మట్టి తీయగానే తాత వంగి వాసన చూశాడు. కుళ్లు వాసన లేదు. వంపు కత్తితో పొడిబారిన పెచ్చులు తీసేకొద్దీ అంచు లోపల లేత పసుపు గీత బయటపడింది. గోడ, అరికాలు కలిసే చోటు అదే. "గీతే నీకు కొలత" అన్నాడు. పట్టకారుతో తీసిన ముక్కలను తోట కుక్క నోట కరచుకుపోయింది. ఆకురాయి పట్టాక తాత బొటనవేలు అంచు మీద తిప్పి ఆపాడు.

"ఇక్కడ వడ్లగింజంత ఎక్కువుంది."

నాకు కనిపించలేదు. కళ్లు మూసుకుని తడిమితే తగిలింది.

గౌరి పగులు పైకొసన ఆకురాయితో అడ్డగీత పెట్టి, 6 వారాలకోసారి గిట్ట చెక్కమన్నాడు. గిట్ట నెలకు సెంటీమీటరు కూడా పెరగదు. ఆ గీత నేలకు చేరేసరికి మళ్లీ చలికాలం వస్తుంది.