అంతర్వేది దారిలో స్టీలు గ్లాసు

రాజమండ్రి స్టేషన్ బయట ఆటో అతను బస్టాండుకి 150 అడిగాడు. బేరమాడితే 120కి దిగాడు. ఉన్న దూరమెంతని అంత అడగడం! ఆ చికాకుతోనే రాజోలు బస్సెక్కాను. కిటికీ సీటు దొరికిందన్న సంతోషం కడియపులంక నర్సరీలు దాటేదాకే ఉంది. మే నెల, వేడిగాలి. రావులపాలెంలో అరటిగెలల లారీల మధ్య ఇరవై నిమిషాలు ఇరుక్కుపోయాం.

అసలు ఊళ్ళు చూద్దామని బయల్దేరినవాణ్ణి కాదు. బ్యాంకులో 34 ఏళ్ళు చేసి రిటైరై ఎనిమిది నెలలైంది. హైదరాబాద్‌లో పొద్దున పేపరు చదవడం అయిపోతే, ఇక ఆ రోజుకి నేను చేసి తీరాల్సిన పని ఒక్కటీ ఉండదు. పిల్లలు ఫోన్ చేసి "హాయిగా రెస్ట్ తీసుకోండి నాన్నా" అంటారు. ఆ మాట వింటే దిగులుగా ఉంటుంది. అంతర్వేది నరసింహస్వామికి అమ్మ మొక్కుకున్న మొక్కు ఆమె పోయాక కూడా మిగిలిపోయింది. అది తీర్చడానికే ఈ ప్రయాణం.

కొత్తపేట దాటిన కాసేపటికి టైరు పోయింది. స్టెప్నీ తీసి చూస్తే అందులోనూ గాలి లేదు. వెనకాల బస్సు రావడానికి "గంట పైనే పడుద్దండి" అన్నాడు కండక్టరు. ఇరవై మందికి పైగా ఉన్నాం. ఒకావిడ చంకలో చంటిపిల్ల ఏడుస్తోంది. నేను ఫోనులో సిగ్నల్ వెతుక్కుంటూ, ఎవరి మీద కోప్పడాలో తెలియక నిలబడ్డాను.

రోడ్డు పక్క పెంకుటింట్లోంచి ఓ పెద్దావిడ బయటికొచ్చింది. అరవై దాటి ఉంటాయి. మమ్మల్నందర్నీ ఓసారి చూసి, "ఎండలో ఏం నిలబడతారండీ, లోపలికి రండి. చెట్ల కింద చల్లగా ఉంటది" అంది. వెంటనే ఇంకో మాట అడిగింది. "షుగరున్నోళ్ళు ఎవరన్నా ఉన్నారా?"

ఒక ముసలాయన మొహమాటపడుతూ చెయ్యెత్తాడు. ఆయనకి ముందుగా గిన్నెలో పెరుగన్నం, పక్కన ఆవకాయ ముక్క పెట్టి ఇచ్చింది. చంటిపిల్ల తల్లిని లోపల గదిలో ఫ్యాను కింద కూర్చోబెట్టింది. ఇదంతా రెండు నిమిషాల్లో అయిపోయింది. ఎన్నో ఏళ్ళు కౌంటర్లో కూర్చున్నవాణ్ణి, క్యూలో ఎవరికి ముందు అవసరమో అంత తొందరగా నేనెప్పుడూ పసిగట్టలేదు.

తర్వాత మజ్జిగ. సత్తు గిన్నెడు పెరుగు చిలికి, బిందెడు నీళ్ళు పోసి, అల్లం, పచ్చిమిర్చి దంచి వేసింది. దొడ్లోంచి నాలుగు దబ్బాకులు తెంపుకొచ్చి, అరచేతుల మధ్య నలిపి అందులో పడేసింది. ఆ వాసన మొత్తం వాకిలంతా పరుచుకుంది. ఇంట్లో ఉన్నవి మాత్రం ఆరే గ్లాసులు.

ఆవిడ నావైపు తిరిగి, "బాబుగారూ, ఖాళీగా ఉన్నారు కదా, బోరింగు దగ్గర గ్లాసులు కడిగి అందివ్వండి" అంది.

చేతిసంచీ అరుగు మీద పెట్టి వెళ్ళాను. కాలేజీ కుర్రాడొకడు బోరింగు కొడుతుంటే నేను కడిగాను. తాగినవాళ్ళ దగ్గర గ్లాసు తీసుకోవడం, తొలిచి ఆవిడకివ్వడం, నిండిన గ్లాసు ఇంకొకరికి అందించడం. చొక్కా తడిసిపోయింది. డ్రైవరుకి రెండో గ్లాసు కావాలేమోనని నేనే అడిగాను. ఎనిమిది నెలల్లో నన్ను ఎవరూ ఒక పని చెయ్యమని అడగలేదు. అందరూ గౌరవంగా కుర్చీ వేసి కూర్చోబెట్టినవాళ్ళే. ఆవిడ మజ్జిగ కంటే, ఆ పని చెప్పడమే నాకెక్కువ దాహం తీర్చింది.

డబ్బులివ్వబోతే ఆవిడ మొహం చిన్నబోయింది. "మజ్జిగ్గుక్కకి డబ్బులేంటండీ?" అంది. సిగ్గేసి నోటు లోపల పెట్టేసుకున్నాను. ఇంతలో బస్సు హారన్ వినపడింది, అందరం పరుగెత్తాం.

పి.గన్నవరంలో వైనతేయ గోదావరి మీద అక్విడెక్టు దాటుతుంటే అమ్మ గుర్తొచ్చింది. కింద నది, దాని మీదుగా కాలువ. తెల్లవాళ్ళ కాలంలో కట్టిన పాతది 49 ఆర్చీలతో పక్కనే ఉంది. 2000లో కట్టిన కొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. అమ్మ పుట్టిల్లు మండపేట. 1841లో సీతమ్మగారు పుట్టిందీ అక్కడే కాబట్టి, అమ్మ ఆవిడ గురించి సొంత మేనత్త గురించి చెప్పినట్టు చెప్పేది. ఆవిడ తండ్రి అడిగినవాళ్ళందరికీ అన్నం పెట్టి బువ్వన్నగా పేరుపడ్డారట. లంకల గన్నవరానికి కాపురానికొచ్చిన సీతమ్మగారు, 1909లో పోయేదాకా వేళకాని వేళ వచ్చినవాళ్ళకి కూడా వండి పెట్టారు.

అమ్మ ఎన్నిసార్లు చెప్పినా కళ్ళు తుడుచుకునే కథ ఒకటుంది. సీతమ్మగారు పల్లకీలో అంతర్వేది బయల్దేరారట. దారిలో ఆగినచోట ఆకలిగా ఉన్న పెళ్ళివారి మాటలు వినపడ్డాయి. "ఇంకాస్త ఓర్చుకోండి, గన్నవరంలో సీతమ్మగారింటికి చేరితే అన్నం పెడతారు" అని పిల్లల్ని ఊరుకోబెడుతున్నారు. ఆవిడ పల్లకీ వెనక్కి తిప్పించి, వాళ్ళకంటే ముందు ఇల్లు చేరి పొయ్యి వెలిగించారు. స్వామి దర్శనం మానుకున్నారు.

చిన్నప్పుడు నాకది త్యాగం కథలా వినపడేది. ఆ రోజు అక్విడెక్టు మీద, తడి చొక్కాతో కూర్చుని, ఆ పల్లకీ వెనక్కి తిరిగినప్పుడు ఆవిడకెంత ఉత్సాహంగా ఉండి ఉంటుందో అనిపించింది. తన కోసం ఎదురుచూసేవాళ్ళున్నారని తెలిశాక ఎవరికైనా కాళ్ళు నిలుస్తాయా!

రాజోలు, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది చేరేసరికి సాయంత్రమైంది. దర్శనం పది నిమిషాల్లో అయింది. మొక్కు తీర్చాను. వశిష్ఠ సముద్రంలో కలిసేచోటికి వెళ్ళి కాసేపు నిలబడ్డాను. ఇంకా రాసేదేం లేదు.

రాత్రి గదిలో తువ్వాలు కోసం సంచీ తెరిస్తే అడుగున స్టీలు గ్లాసు కనపడింది. హడావిడిలో అరుగు మీద గ్లాసు కూడా అందులో పడేసినట్టున్నాను. అంచు కింద ఒక ఆడమనిషి పేరు, ఇంటిపేరు, 12-5-1988 అని చెక్కి ఉంది. ఎవరి పెళ్ళికో, గృహప్రవేశానికో పెట్టిన గ్లాసు. ఆవిడ దగ్గరున్నవే ఆరు.

మర్నాడు తిరుగు బస్సులో కండక్టరుతో చెప్పి ఆ ఇంటి ముందు దిగాను. ఆవిడ వాకిట్లో కొబ్బరాకులు చీరుతోంది. గ్లాసు చూసి నవ్వి, "దీని కోసం దిగారా? ఆయ్, ముందు చెయ్యి కడుక్కుని భోంచెయ్యండి. తర్వాత ఈ ఈనెలు కట్టలు కడుదురుగాని" అంది.