మా హార్న్ బేస్ పెట్టెలు

జాతర్లలో ఆర్కెస్ట్రాకి మేం తీసుకెళ్లే బేస్ పెట్టెలు నాలుగూ సొంతంగా చేయించినవే. మడత హార్న్ రకం. 18 అంగుళాల స్పీకర్ లోపల దాక్కుని ఉంటుంది, శబ్దం మడతలు తిరిగే దారిలో వెడల్పవుతూ బయటికొస్తుంది. బాగా కింది బేస్, అంటే 40 హెర్ట్జ్ (సెకనుకి 40 ఊపులు) తరంగం పొడవు దాదాపు 8.6 మీటర్లు. అందులో పావు వంతు దారైనా పెట్టెలో ఇమడాలి. అందుకే ఒక్కోటీ బీరువా అంత ఉంటుంది.

మా వడ్రంగి మేస్త్రి అతుకులన్నీ జిగురు పూసి బిగించాక, లోపల టార్చి పెట్టి ఎక్కడైనా వెలుతురు కారుతోందేమో చూస్తాడు. సందుంటే గాలి ఈల వేస్తుంది మరి.

ఒక్క పెట్టే పెడితే కింది బేస్ పలచగా వినిపిస్తుంది. నాలుగూ ఆనించి పేరిస్తే శబ్దం బయటికొచ్చే నోళ్లన్నీ కలిసి ఒకే పెద్ద నోరవుతాయి. డోలక్ దెబ్బ చివరి వరసలో వాళ్ల గుండెకి తగులుతుంది. అటు రెండు, ఇటు రెండు పెట్టమని కమిటీవాళ్లు అడుగుతూనే ఉంటారు, చూడ్డానికి బావుంటుందని. "అన్నా, బేస్ కళ్లతో వినం కదా" అంటాను.

హై పాస్ ఫిల్టర్, అంటే మరీ కింది శబ్దాల్ని స్పీకర్‌కి పోకుండా ఆపేది, తప్పనిసరి. హార్న్ పనిచేసే హద్దు కిందికి పోతే కోన్‌ని, అంటే స్పీకర్‌లో ఊగే గరాటుని, ఆపే గాలి బరువుండదు, విచ్చలవిడిగా ఊగి చిరుగుతుంది. మేం 35 హెర్ట్జ్ దగ్గర కోసేస్తాం. కుర్రాళ్లెవరైనా ఆ నాబ్ ముట్టుకుంటే నాకు టెన్షన్.

రాత్రి పదికి మైకు ఆపాల్సిందే. పెట్టెలు మోయడానికి మాత్రం అప్పుడు ఒక్కడూ దొరకడు.